వెనక సీటు లేని కారు

మూడో నట్టు కదలలేదు.

ఆయన కారు కింద వెల్లకిలా పడుకుని, స్పానరు మీద రెండు చేతులూ వేసి, ఊపిరి బిగబట్టి మళ్ళీ లాగాడు. స్పానరు జారి పిడికిలి గొట్టానికి కొట్టుకుంది. వేలి కణుపు మీద తోలు లేచి రక్తం పూసింది. ఆయన వేలి వంక చూసుకోలేదు, నట్టు వంకే చూశాడు. తుప్పు పట్టిన నట్టు మీద కోపం తెచ్చుకుంటే అది విరుగుతుందే తప్ప ఊడదు. పక్కనున్న నూనె డబ్బా అందుకుని నట్టు మొదట్లో మళ్ళీ నాలుగు చుక్కలు వేసి, సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి, చేతులు పొట్ట మీద పెట్టుకుని ఎదురుచూడసాగాడు.

ఇంటి ముందు రేకుల షెడ్డులో కారు వెనక భాగం రెండు ఇనప స్టాండ్ల మీద లేచి ఉంది. ముక్కు నేలకి దగ్గరగా, నడుము పైకి పెట్టుకుని, నీళ్ళు తాగడానికి వంగిన పశువులా ఉంది. ఒకప్పుడు కళ్ళు చెదిరే ఎరుపు. ఇప్పుడు ఎండకి వెలిసి, ఏళ్ళ తరబడి పెరట్లో పడివున్న ప్లాస్టిక్ బకెట్టు రంగుకి వచ్చింది. రెండే తలుపులు, రెండే సీట్లు. ముందు భాగం పొడుగు, వెనక కురచ. కుర్రకారు కోసం చేసిన స్పోర్ట్స్ కారు. దాన్ని నడిపే మనిషికీ, బాగుచేసే మనిషికీ జుట్టు ఎప్పుడో నెరిసిపోయింది. వెనక బంపరు కింద ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి సైలెన్సర్ డబ్బాలు వేలాడుతున్నాయి. ఆ రెండూ ఇవాళ విప్పి, కారు పుట్టినప్పుడు దానితో పాటు వచ్చిన అసలు డబ్బాలు బిగించాలి.

వీధిలో ఆయన్ని సైలెన్సర్ బాబాయ్ అంటారు. బస్సుల డిపోలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన చేసింది ఆ పనొక్కటే. డిపో చివర గోడకి ఆనుకుని పొగచూరిన షెడ్డు ఒకటి ఉండేది. చిల్లులు పడ్డ సైలెన్సర్లన్నీ అక్కడికి చేరేవి. అతుకులు వేసి, బిగించి పంపేవాడు. ఇంజను బాగుచేసిన మేస్త్రీ భుజం మీద డ్రైవర్లు చెయ్యి వేసి టీ తాగించడానికి తీసుకెళ్ళేవారు. సైలెన్సర్ బాగుచేసినవాణ్ణి ఎవరూ పిలిచేవారు కాదు. అది బాగున్నంతకాలం బండికి అదొకటుందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. ఆయన సంగతీ దాదాపు అంతే. పదవీ విరమణ రోజున పై అధికారి ఆయన చేతిలో గోడ గడియారం పెట్టి, నలుగురిలో ఆయన పేరు తప్పు చదివాడు. ఆయన సరిదిద్దలేదు. గడియారం తెచ్చి గోడకి కొట్టుకున్నాడు.

ఆ షెడ్డు ఆయన ఎడమ చెవిని పూర్తిగా తినేసింది. కుడి చెవిలో ఏదో కాస్త మిగిల్చింది. గడియారం టిక్కుమంటుందని భార్య చెబితే నమ్మడమే. వాన రేకుల మీద పడుతున్న సంగతి కళ్ళతో చూసి తెలుసుకుంటాడు. ఈ లోకంలో ఆయనకి పూర్తిగా, తునకలు కాకుండా వినిపించే చప్పుడు ఒక్కటి మిగిలింది. అది ఈ కారుది. అదైనా చెవికన్నా ముందు రొమ్ముకి వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆయన స్వయంగా చేసిందే. బావమరిది కారు కొనుక్కొచ్చిన కొత్తలో, "బావా, దీని నోరు నొక్కేశారు. కాస్త గొంతు ఇప్పించు" అని అడిగితే, లోపల అడ్డుగోడలేవీ లేకుండా తిన్నటి గొట్టాలతో ఈ రెండు డబ్బాలూ ఆయనే కోసి, చుట్టి, అతికాడు.

పొద్దున పని మొదలుపెట్టే ముందు కాసేపు ఇంజను వేసి ఉంచాడు. వేడెక్కితే నట్లు లొంగుతాయని. షెడ్డు రేకులు అదిరాయి. కిటికీ అద్దాలు గలగల్లాడాయి. గోడ మీది పిల్లి పక్కింటికి కాపురం మార్చింది. పక్కింటి పెద్దాయన గోడ మీంచి తల పెట్టి ఏదో అరిచాడు. ఆయనకి పెదవులు కదలడమే కనిపించింది. ఇంజను ఆపాక పెద్దాయన మళ్ళీ మొదటి నుంచీ అందుకున్నాడు.

"చచ్చి నీ కడుపున పుడతాను గానీ, దాని పీక ఎప్పుడు నొక్కుతావయ్యా బాబాయ్? మా ఇంట్లో గిన్నెలు అరమార లోంచి వాటంతటవే దిగొస్తున్నాయి."

"ఇవాళే. సాయంత్రానికి నీ గిన్నెలు నిశ్చింతగా పడుకుంటాయి."

"నిజమేనా? అయ్యో, మరి రేపట్నించి నేను ఎవర్ని తిట్టాలి?" అని పెద్దాయన నవ్వుతూ తల దించేసుకున్నాడు.

నూనె దిగింది. ఈసారి స్పానరు కొసకి పొడుగాటి గొట్టం తొడిగి, తొందరపడకుండా బరువు వేశాడు. నట్టు కీచుమన్నట్టు చేతికి తెలిసింది. అరచుట్టు తిరిగింది. ఆయన మొహం మీద తుప్పు పొడి రాలింది. కళ్ళు మూసుకునే మిగతాది తిప్పాడు.

భార్య టీ పట్టుకొచ్చి, అలవాటుగా ఆయనకి కుడి వైపు వచ్చి వంగింది. ఆయన పాక్కుంటూ బయటికొచ్చి గోడకి చేరబడ్డాడు.

"వేలికేమైంది?"

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే రక్తం దానంతటది ఊరికే వస్తుందా?" చేతిలో గుడ్డతో వేలు తుడిచింది. "సాయంత్రానికి అవుతుందా? చప్పుడుంటే కొననన్న ఆ కొనేవాడెవడో ఆదివారం వస్తాడటగా."

"అవుతుంది."

"అయితే సరి. పీడ విరగడవుతుంది. అది కళ్ళెదురుగా ఉన్నంతకాలం మా తమ్ముడి ప్రాణం అందులోనే కొట్టుకుంటుంది." ముందు గది కిటికీ వైపు చూసి గొంతు తగ్గించింది. తగ్గించిన గొంతు ఆయనకి వినపడదని గుర్తొచ్చి మళ్ళీ పెంచింది. "డాక్టరు ఏమన్నాడు? గేటు దాకా నడిచినా గుండె తట్టుకోదన్నాడు. వాడేమో మొన్న కూడా తాళం చెవి ఎక్కడుంది అక్కా అంటాడు. కారులోనే ఉందిరా, పో, ముట్టుకో, వీధి వీధంతా లేచొస్తుంది అన్నాను. ఇక నోరెత్తలేదు."

నిజమే. ఆ కారుకి వేరే తాళం అక్కర్లేదు. దాని చప్పుడే దానికి తాళం. వంటింట్లో కుక్కరు కూస్తున్నా, పెరట్లో ఆమె బట్టలు ఉతుకుతున్నా, అది గొంతు విప్పితే ఆమె గేటు దగ్గర ఉంటుంది. ఇవాళ ఆ తాళాన్నే ఆయన విప్పుతున్నాడు. కారు ఎలాగూ అమ్మేస్తున్నారు కదా అని, ఆమే విప్పమంటోంది.

టీ గ్లాసు తీసుకుని వెళుతూ అంది, "పొద్దున్నే గడ్డం గీయమని ప్రాణం తీశాడు. గీశాను. ఇప్పుడేమో తెల్ల చొక్కా ఇస్త్రీ చెయ్యమంటాడు. పెళ్ళిచూపులనుకుంటున్నాడు కామోసు."

ఆమె తమ్ముడు, అంటే ఆయన బావమరిది, ముందు గదిలో కిటికీ పక్కన కుర్చీలో ఉంటాడు. పడుకుంటే ఊపిరాడదు కనక రాత్రింబవళ్ళు కుర్చీలోనే. గుండె ఉబ్బిపోయిందన్నారు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందన్నారు. పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి చాలాసేపు అలాగే ఉంటుంది. పెద్దాసుపత్రి వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోమన్నారు. బాగా చూసుకోండి అంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ దాన్ని మామూలు మాటలాగే తీసుకున్నారు.

ఈ ఇంటికి అతను అక్క పెళ్ళయిన మర్నాడు వచ్చాడు, చేతిలో చిన్న ట్రంకుపెట్టెతో. తల్లిదండ్రులు లేని తమ్ముణ్ణి ఎక్కడ వదలాలో తెలియక ఆమె వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్లవాడి కోసం ఆయన గదిలో మంచం కాస్త పక్కకి జరిపాడు. తర్వాత పిల్లలు పుట్టలేదు. ఆ మంచం అక్కడే ఉండిపోయింది.

పెద్దయ్యాక అతను డ్రైవరయ్యాడు. బస్సులకి కాదు, మనుషులకి. ఒక యజమాని దగ్గర మానేస్తే ఇంకో యజమాని దగ్గర. జీవితమంతా వెనక సీట్లోంచి ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు: మెల్లగా, తొందరగా, ఇక్కడ ఆపు, అక్కడ ఉండు, కిటికీ మూసెయ్, పాట ఆపెయ్. అతను నడిపిన సమయం కన్నా, ఎవరి పెళ్ళిలోనో ఎవరి ఆఫీసు ముందో కారులో కూర్చుని ఎదురుచూసిన సమయమే ఎక్కువ. యాభై దాటాక ఒక యజమాని కొడుకు మూలపడేసిన ఈ కారుని అడిగి కొనుక్కున్నాడు. ఇంటికి తెచ్చి షెడ్డులో పెట్టి, తలుపు తెరిచి చూపించాడు.

"చూడు బావా. ఏం కనిపిస్తోంది?"

"ఏముంది? రెండు సీట్లు."

"వెనక?"

"వెనక ఏమీ లేదు."

"అదీ సంగతి. వెనక కూర్చుని, మెల్లగా పోనీ అనేవాడికి ఇందులో చోటు లేదు."

అక్క ఒకే ఒక్కసారి ఎక్కింది. వీధి చివర దిగిపోయి నడిచి ఇంటికొచ్చింది. ఇది కారు కాదు, పిడుగుకి చక్రాలు కట్టారు అంది. బావ మాత్రం చాలాసార్లు ఎక్కాడు. మాటలు వినపడనివాడూ, మాట్లాడటం ఇష్టం లేనివాడూ పక్కపక్కన కూర్చుని ఊరి బయట రోడ్ల మీద తిరిగేవారు. ఆ చప్పుడు ఇద్దరికీ సరిపోయేది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఎడమ డబ్బా ఊడింది. రబ్బరు కొక్కేలు ఏళ్ళ తరబడి బిగిసిపోయి ఉన్నాయి. వాటికి సబ్బు నీళ్ళు రాసి, అటూ ఇటూ ఆడించి, డబ్బా బరువుని మోకాలి మీదికి తీసుకుంటూ ఒక్కొక్కటే జార్చాడు. కుడి డబ్బా బోల్టు విరిగింది. విరుగుతుందని అనుకున్నదే. మిగిలిన ముక్కని కోసి, రంధ్రం తొలిచి కొత్త బోల్టు సిద్ధం చేసుకున్నాడు. విప్పిన రెండు డబ్బాలూ షెడ్డు మూల గోనెసంచి మీద పెట్టాడు. వాటి లోపల మసి ముఖమల్ గుడ్డలా నల్లగా, మెత్తగా పట్టి ఉంది.

కిటికీ ఊచల మీద కర్రతో కొట్టిన అదురు గోడకి ఆనించిన చేతికి తెలిసింది. ఆయన చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి, కుడి చెవి అతని వైపు పెట్టి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఎంతవరకు వచ్చింది బావా? లేకపోతే కింద పడుకుని నిద్రపోతున్నావా? నీ కాళ్ళు రెండే కనిపిస్తున్నాయి. బతికున్నావో లేదో తెలీక కొట్టాను."

"నువ్వే అడగాలి ఆ మాట."

బావమరిది నవ్వాడు. నవ్వు దగ్గులోకి జారింది. దగ్గు తగ్గేదాకా ఆయన అతని మోకాలి మీద చెయ్యి వేసి ఉంచాడు. గీసిన గడ్డం నున్నగా ఉంది. తెల్ల చొక్కా మెడ దగ్గర వదులైపోయి, ఎవరో పెద్దవాడి చొక్కా తొడిగినట్టుంది.

"కొనేవాడు ఎక్కడివాడురా?" అని ఆయన అడిగాడు.

బావమరిది వంటింటి వైపు చూశాడు. అక్కడ గిన్నెలు సర్దుతున్న అక్క వీపు కనిపిస్తోంది.

"చప్పుడు లేకుండా కావాలంటాడేం? దీన్ని చూశాడా అసలు?"

"కొనేవాడు ఎవడూ లేడు బావా."

ఆయనకి వినపడింది. వినపడలేదేమోనని బావమరిది మళ్ళీ చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు. కాసేపు ఇద్దరూ కిటికీలోంచి కారు వంకే చూశారు.

"ఎక్కడికి పోతావు?"

"అది ముందే తెలిస్తే డ్యూటీ అవుతుంది."

"ఒంట్లో తేడా వస్తే?"

"పక్కకి తీసి ఆపడం తెలియనివాణ్ణా? ఇన్నేళ్ళలో ఒక్కడికి గీత పడనివ్వలేదు."

"నేనూ వస్తాను."

"వద్దు. నువ్వు పక్కనుంటే అక్క నిన్ను ఈ జన్మలో క్షమించదు. నాతో పోయేదేముంది, నువ్వు అక్కతో ఉండాల్సినవాడివి." ఊపిరి కూడగట్టుకోవడానికి ఆగాడు. "చప్పుడు చేసుకుంటూ పోవచ్చు. కానీ అక్క వింటుంది. పరిగెత్తుకొచ్చి గేటుకి అడ్డం నిలబడుతుంది. నిలబడిందంటే నేను దిగిపోతాను బావా. దాని మొహం చూసి కారు నడపడం నాకు చేతకాదు. పాపం, ఏడాదిగా ఈ కుర్చీ వెనకే నిలబడి ఉంది. లే, కూర్చో, మింగు, నిద్రపో. దానికి నా మీదున్న ప్రేమంతా వెనక సీటు మాటల్లోనే వస్తుంది. ఏం చేస్తాం."

ఆయన లేచాడు. మోకాళ్ళు పటపటలాడిన సంగతి మోకాళ్ళకే తెలిసింది.

"బిగిస్తావా?" అన్నాడు బావమరిది.

ఆయన షెడ్డులోకి వెళ్ళి, అటక మీదికి నిచ్చెన వేసుకుని, పాత దుప్పటిలో చుట్టి దాచిన అసలు డబ్బాలు దించాడు. బరువైనవి. లోపల గదులు గదులుగా అడ్డుగోడలు. పొగ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, అందులోంచి మరో దాంట్లోకి తిరిగి తిరిగి, కోపమంతా పోయాక బయటికొస్తుంది. వాటిని విప్పిన రోజునే పారెయ్యమన్నాడు బావమరిది. ఆయన పారెయ్యలేదు. ఏ సైలెన్సర్నీ పారేసే అలవాటు ఆయనకి లేదు.

మధ్యాహ్నమంతా ఆయన చేతులు వాటి పని అవి చేశాయి. అతుకుల మధ్య ఉండే పాత గాస్కెట్టు పెచ్చులు గీకి, కొత్తది పెట్టాడు. డబ్బాని జాకీ మీద ఎత్తి, సబ్బు నీళ్ళు రాసిన కొక్కేలకి తగిలించాడు. బోల్టులు వేలితోనే తిప్పి వదిలేసి, వెనక్కి వచ్చి, రెండు గొట్టాల చివరలూ బంపరు కోతలో సమానంగా ఉన్నాయో లేదో వంగి చూశాడు. కుడిది ఒక వేలంత కిందికి ఉంది. సర్దాడు. ఎడమ పక్క బోల్టులన్నీ బిగించాడు. కుడి పక్కకొచ్చేసరికి స్పానరు ఆగింది.

రెండు బోల్టులు వదులుగా వదిలేస్తే చాలు. ఆ సందులోంచి పొగ దూసుకొచ్చి తుపాకి పేలినట్టు మోగుతుంది. పాత కారు, పాత గొట్టం, ఏం చేస్తాంరా, కుదర్లేదు అంటే బావమరిది నమ్మకపోయినా ఏమీ అనడు. కుర్చీలోనే ఉంటాడు. ఇంకో నెల ఉండొచ్చు. అదృష్టం బాగుంటే రెండు నెలలు. రాత్రిళ్ళు ఆమె లేచి వీపు నిమురుతుంది. ఆయన అవతలి గదిలో ఆ దగ్గు వినపడకుండా నిద్రపోతాడు. ఆ నిద్ర గురించి తలుచుకుంటే ఆయనకి సిగ్గేసింది. ఇద్దరు మనుషులు అంత కష్టపడుతుంటే చెవులు లేకపోవడం కూడా ఒక సుఖమేనా అనిపించింది.

బోల్టులు వదులుగానే వదిలేసి బయటికొచ్చాడు. నీళ్ళు తాగాడు. నీడ గోడ దాటి వీధిలోకి పోయేదాకా కూర్చున్నాడు. మనసు ఒకచోట నిలవలేదు. బిగించి ఇస్తే చేతులారా పంపినట్టు. బిగించకపోతే చేతులారా కట్టేసినట్టు. ఏది చేసినా చేసేది ఈ చేతులే.

చివరికి లేచి మళ్ళీ కారు కిందికి వెళ్ళాడు. ఆ రెండు బోల్టులూ బిగించాడు.

ఇంజను వేసి, గొట్టాల చివరలు తడిగుడ్డతో సగం మూసి, అతుకులన్నిటి మీదా సబ్బు నీళ్ళు చల్లాడు. పొగ కారితే ఇంకొకరైతే చెవితో పట్టుకుంటారు. ఆయన కళ్ళతో పట్టుకుంటాడు. ఒకచోట బుడగ లేచింది. పావుచుట్టు బిగించాక ఆగిపోయింది. తర్వాత ఇంకెక్కడా లేవలేదు.

స్టాండ్లు తీసి కారుని కిందికి దించాడు. ఇంజను నడుస్తోందో ఆగిందో ఆయనకి తెలియలేదు. బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. లోపల ఏదో సన్నగా, నిద్రపోతున్న మనిషి రొమ్ములా కదులుతోంది. పక్కింటి పెద్దాయన గోడ మీంచి తొంగి చూశాడు.

"మొదలుపెట్టలేదా ఇంకా?"

"నడుస్తోంది."

పెద్దాయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "ఏమో బాబాయ్, నాకూ నీ జబ్బు అంటుకున్నట్టుంది" అని మెచ్చుకోలుగా తల ఊపాడు.

కిటికీలో బావమరిది మొహం కనిపించింది. అతను తలమీద లేని టోపీని సర్దుకున్నట్టు చెయ్యి పైకెత్తాడు. యజమానులకి పెట్టే సలాము అది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

ఇంజను ఆపాడు. షెడ్డు నేల గేటు వైపుకి వాలుగా ఉంటుంది. ఆ మూల పడివున్న పూర్తి ఇటుక ఒకటి తెచ్చి ముందు చక్రం కింద పెట్టి, కాలితో రెండు దెబ్బలు కొట్టి బిగించాడు. పెట్టేటప్పుడే తెలుసు. వాలు కోసం హ్యాండ్‌బ్రేకు చాలు. ఆ చక్రం దాకా వచ్చి, వంగి, బిగిసిన ఇటుకని లాగేంత ఊపిరి బావమరిదికి లేదు. వంగితే కళ్ళు తిరిగి పడిపోతాడు. లేదనలేకపోయిన మాటని ఆయన ఇటుక చేత అనిపించాడు. అలా అనిపించానని తనకి తాను కూడా చెప్పుకోలేదు. తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళాడు.

మడ్డి తొందరగా వదలదు. గోళ్ళ సందుల్లో, మెడ మడతల్లో రుద్దుకున్నాడు. నీళ్ళ చప్పుడు ఆయనకి ఎప్పుడో పోయింది. ఒంటి మీద పడటమే తెలుస్తుంది.

బయటికొచ్చేసరికి సాయంకాలపు వెలుగు షెడ్డు రేకుల కిందికి ఏటవాలుగా పడుతోంది. షెడ్డు ఖాళీగా ఉంది. గేటు రెండు రెక్కలూ తీసి, ఊగిపోకుండా కొక్కేలు తగిలించి ఉన్నాయి.

భార్య మెట్టు మీద కూర్చుని ఉంది. చేతులు మోచేతుల దాకా పిండి. రొట్టెలకి పిండి కలుపుతూ మధ్యలో లేచివచ్చినట్టుంది. ఆయన వెళ్ళి పక్కన, ఆమె మాట కుడి చెవిలో పడేలా కూర్చున్నాడు. అడగటానికి మాట కోసం వెతుక్కున్నాడు.

"ఇటుక..." అన్నాడు.

"నేనే తీశాను."

ఆయన ఆమె వంక చూశాడు. ఆమె గేటు వంక చూస్తోంది.

"బిగిసిపోయి రాలేదు. కాస్త వెనక్కి తీసుకోరా అన్నాను. తీసుకున్నాడు. ఇంజను వేసి ఉందని అప్పటిదాకా నాకు తెలీలేదు, కారు కదిలితే తెలిసింది." మళ్ళీ తనే అంది, "కొనేవాడు వచ్చి కారు చూస్తాడు గానీ వీడి గడ్డం చూస్తాడా? పొద్దున్నే అనుకున్నాను. గీస్తుంటే కళ్ళు మూసుకుని ఎంత బుద్ధిగా కూర్చున్నాడో. ఎప్పుడూ అలా కూర్చోడు."

"తెలిసీ ఎందుకు ఆపలేదు?"

"మీరు ఆపారా?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"షెడ్డు దాకా వాడే నడిచాడు. మూడుచోట్ల ఆగాడు. చెయ్యి పట్టుకుంటానంటే వద్దన్నాడు. ఎక్కి కూర్చున్నాక పక్క సీటు తట్టి, రా అక్కా, ఈసారి మెల్లగానే పోనిస్తాను అన్నాడు."

"వెళ్ళలేకపోయావా?"

"పొయ్యి మీద పాలున్నాయిరా, పొంగిపోతాయి అన్నాను." ఆమె పిండి ఆరి తెల్లగా పగులుతున్న తన చేతుల్ని తిప్పి చూసుకుంది. "పాలు ఇంకా ఫ్రిజ్జులోనే ఉన్నాయి."

వీధి దీపాలు వెలిగాయి. ఎవరో సైకిలు మీద గంట కొట్టుకుంటూ పోయారు. అది ఆమెకి వినపడి తల తిప్పింది, ఆమె తల తిప్పడం ఆయనకి కనపడింది. ఇద్దరూ లోపలికి వెళ్ళలేదు. కలిపిన పిండి ఎండిపోతుందని ఎవరూ అనలేదు. పక్కింటి పెద్దాయన గోడ దాకా వచ్చి, వాళ్ళని చూసి, ఏమీ అడగకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి ఆమె ఉలిక్కిపడి లేచింది. లోపల ఫోను మోగుతున్నట్టుంది. ఆయన గుమ్మం దాకా వెళ్ళి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్న ఆమె మొహం చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఎక్కువ మాట్లాడలేదు. అవును అంది. నా తమ్ముడే అంది. వస్తున్నాం అంది. ఫోను బల్ల మీద పెట్టి, జారిపోకుండా చేత్తో లోపలికి జరిపి, ఆయన కుడి పక్కకి వచ్చింది.

"ఏటి పక్కన రోడ్డు వెడల్పుగా ఉంటుందే, అక్కడట. పక్కకి తీసి ఆపి ఉందట. హ్యాండ్‌బ్రేకు లాగే ఉందట." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "నిద్రపోతున్నాడనుకుని చాలాసేపు అద్దం మీద కొట్టారట. ఇంజను నడుస్తూనే ఉందట. వాళ్ళకి తెలీలేదు. ఎవరో బానెట్ మీద చెయ్యి ఆనిస్తే వేడిగా తగిలిందట."

ఆయన తల ఊపాడు. మళ్ళీ ఊపాడు. ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, గోళ్ళలో ఇంకా మడ్డి ఉందేమోనని చూసుకున్నాడు. లేదు. వేశాడు. ఆమె అలాగే ఆ చేతికి తల ఆనించి, ఒంటిలోంచి ఏదో తెగినట్టు వణికింది. ఆమె ఏడుపు ఆయనకి వినపడలేదు. అరచేతికి తెలిసింది.

"పదండి," అంది తర్వాత. "అక్కడ ఒక్కడే ఉన్నాడు."

ఆమె చెప్పులు వేసుకుని, ముందు గదిలో దీపం వేసి, కుర్చీలో దిండు ఎందుకో తిన్నగా సర్ది వచ్చింది. ఆయన షెడ్డులో దీపం ఆర్పుదామని వెళ్ళాడు. నేల మీద సబ్బు నీళ్ళ మరకలు ఆరిపోయాయి. కారు నిలబడ్డ మేర సిమెంటు తక్కినచోటి కన్నా తెల్లగా ఉంది. మీట మీద చెయ్యి పెట్టి ఆయన అలాగే నిలబడిపోయాడు.

ఇటుక గోడ వారగా ఉంది, ఎవరి కాలికీ తగలకుండా నిలువుగా ఆనించి. ఒక పక్క టైరు అచ్చు నల్లగా పడింది, రెండో పక్క పిండి అంటిన నాలుగు వేళ్ళ గుర్తులు.